'ఫ్లోజిన్' షుగర్ బిళ్ళలతో ఇబ్బందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి బిళ్ళలు, కిడ్నీ వడగట్టిన చక్కెరను మళ్ళీ రక్తంలోకి పోనివ్వవు. కిడ్నీలు బాగున్న షుగర్ రోగికి రోజుకు సుమారు 70 గ్రాముల చక్కెర మూత్రంలో పోతుంది. వెంట నీరూ, ఉప్పూ పోతాయి. చాలా ఇబ్బందులకు మూలం ఇదే.

మూత్రపరీక్షలో చక్కెర మూడు ప్లస్సులు
మందు పనిచేస్తోందని అర్థం. కంగారుపడి బిళ్ళ మానొద్దు. షుగర్ అదుపును రక్తపరీక్షతోనే చూడాలి.

మర్మాంగాల దగ్గర దురద, తెల్లపూత
తీపి మూత్రం, తడి కలిస్తే ఫంగస్ పెరుగుతుంది. నాట్లలో, రొయ్యల చెరువుల మీద రోజంతా తడిబట్టలతో ఉండేవారికి ఇంకా తొందరగా. మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి, పొడిగా తుడుచుకోవాలి. డాక్టరుకు సిగ్గుపడకుండా చెబితే క్లోట్రిమజోల్ క్రీముతో సాధారణంగా తగ్గిపోతుంది. అక్కడ వాపు, తీవ్రమైన నొప్పి, జ్వరం ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

లేవగానే కళ్ళు తిరగడం
దాళ్వా కోతల ఎండకు చెమట, పైన ఈ బిళ్ళ, దానికి తోడు బీపీకి వాడే నీళ్ళమాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది). కూర్చునీ, నిలబడీ బీపీ చూపించుకుంటే నీళ్ళమాత్ర మోతాదు తగ్గించాలో లేదో డాక్టరు చెబుతారు. వణుకు, చెమటలు కూడా ఉండి మీటరులో 70 కన్నా తక్కువ చూపిస్తే కారణం చాలావరకు తోడుగా వాడే గ్లిమెపిరైడ్ అనే మరో షుగర్ బిళ్ళో, ఇన్సులినో. 15 గ్రాముల గ్లూకోజు తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి.

వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. మీటరులో మాత్రం 160
అన్నిటికన్నా ప్రమాదకరం ఇదే. 'షుగర్ బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది' అని సోడా తాగి పడుకోకండి. ఒంట్లో ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పేరుకుంటాయి, రక్తం ఆమ్లమవుతుంది. చక్కెర మూత్రంలో పోతుంటుంది కనుక మీటరు పెద్దగా పెరగదు. బిళ్ళ ఆపి, ఇన్సులిన్ వాడేవారు అది మానకుండా, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళండి. బిళ్ళ అట్ట చూపించి, రక్తంలో కీటోన్లు చూడమని అడగండి.

జ్వరం, విరేచనాలు, తిండి సయించకపోవడం ఉన్న రోజుల్లో ఈ బిళ్ళ ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. మామూలుగా తిని, తాగడం మొదలై ఒకటి రెండు రోజులయ్యాకే మళ్ళీ వేసుకోవాలి. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవారు ముందే అడగాలి. ఆపరేషనుకు కనీసం 3 రోజుల ముందు ఆపాలి. ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే 4. మెట్‌ఫార్మిన్‌తో కలిపిన బిళ్ళల్లో ఈ మందు పేరు అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చివర 'గ్లిఫ్లోజిన్' ఉందేమో వెతకండి.