మీ కంటిలోని గుడ్డిచుక్కను పట్టుకోండి

తెల్ల కాగితం మీద చిన్న కూడిక గుర్తు వేసి, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో 1 సెంటీమీటరు నల్లచుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో గుర్తునే చూస్తూ, చేయి చాపినంత దూరం నుంచి కాగితాన్ని మెల్లగా దగ్గరికి తీసుకురండి. ఇంచుమించు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. కాకపోతే చూపు చుక్క మీదికి జారినట్టే. తల పక్కకు వాల్చినా కుదరదు.

కంటి లోపలి వెనుక పొర రెటీనా. అందులో వెలుగును పట్టే రాడ్లు, కోన్లు అనే కణాల సంకేతం, మధ్యలో ఉండే బైపోలార్ కణాల మీదుగా గాంగ్లియన్ అనే నాడీకణాలకు చేరుతుంది. వాటి తంతువులు, సుమారు 10 లక్షలు, ఒకేచోట కట్టగా కలిసి మెదడుకు బయల్దేరతాయి. ఆ కట్ట బయల్దేరే చోట వెలుగును పట్టే కణం ఒక్కటీ లేదు. అదే గుడ్డిచుక్క; నల్లచుక్క బొమ్మ అక్కడ పడగానే మాయమవుతుంది.

ఇప్పుడు నల్లచుక్క మీదుగా అడ్డగీత గీసి మళ్లీ చూడండి. చుక్క పోతుంది, గీత మాత్రం తెగదు! ఆ ఖాళీని పూరించేది మెదడే.