ఆటోమేటిక్ కారులో లాకప్ తేడా చేస్తోందా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వైపు వెళ్తున్నాను. స్పీడు 80. ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు ఎప్పుడూ 2,000 లోపే ఉండేది, ఆ రోజు దాన్ని దాటి కూర్చుంది, ఎంతకీ దిగదు. వర్క్‌షాప్‌లో చూపిస్తే ఒక రౌండ్ తిప్పి తెచ్చి, "గేర్‌బాక్స్ దించాలి సార్" అన్నారు. ఆ మాట వింటే ఎవరికైనా టెన్షనే. చివరికి గేర్‌బాక్స్ జోలికి పోకుండానే పని అయిపోయింది. ఎలాగో కింద చెప్తాను.

ముందు లాకప్ అంటే ఏంటో చూద్దాం. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, దాని గాలికి రెండోదీ తిరుగుతుంది, కాకపోతే కొంచెం నెమ్మదిగా. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ పనిచేసేదీ ఇలాగే, గాలి బదులు ఆయిల్ ఉంటుంది, అంతే. ఆ కాస్త వెనకబాటు వల్ల పెట్రోలు వృథా, పైగా వేడి. అందుకే కారు నిలకడగా పోతున్నప్పుడు లోపలున్న క్లచ్ ప్లేటు రెండింటినీ కలిపి పట్టేస్తుంది. అదే లాకప్. మీది ఏఎంటీ (మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు వేసే మెషీన్ తగిలించింది) అయితే ఈ గొడవే లేదు, అందులో టార్క్ కన్వర్టర్ ఉండదు.

1. జబ్బు ఏదో తేల్చుకోండి

లాకప్ పడకపోతే నా కారులోలా ఆర్‌పీఎం ఎక్కువగా ఉంటుంది, మైలేజీ పడిపోతుంది. పడ్డది వదలకపోతే అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆపగానే ఇంజిన్ కొట్టుకుని ఆగిపోతుంది, మాన్యువల్ కారుని క్లచ్ తొక్కకుండా ఆపినట్టు. అలాంటి బండిని ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లకండి. మూడోది వణుకు. 50-80 మధ్య యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కినప్పుడు, రోడ్డు మీద రంబుల్ స్ట్రిప్స్ ఎక్కినట్టు రెండు మూడు సెకన్లు బండి జలదరిస్తుంది.

2. బ్రేక్ పరీక్ష చేయండి

ఇంజిన్ చల్లగా ఉంటే లాకప్ మామూలుగానే పడదు కాబట్టి ముందు ఓ 20 నిమిషాలు నడపండి. పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని వెళ్లండి. ఆర్‌పీఎం చూడాల్సింది వాళ్లు, మీరు కాదు. 70-80లో నిలకడగా పోతూ, కుడికాలు కదపకుండా, ఎడమకాలితో బ్రేక్‌ని లైట్లు వెలిగేంత మాత్రమే తాకండి. ఒక్క జాగ్రత్త: ఏళ్ల తరబడి క్లచ్ తొక్కిన ఎడమకాలికి మెల్లగా తాకడం రాదు, దబాలున తొక్కేస్తుంది. ముందు ఖాళీ చోట అలవాటు చేసుకోండి. వెనక బండి లేదని చూసుకున్నాకే చేయండి.

తాకగానే ఆర్‌పీఎం 200-300 పెరిగి, వదిలాక కాసేపటికి మళ్లీ తగ్గితే లాకప్ పనిచేస్తున్నట్టే. అసలు కదల్లేదంటే అది పడనే లేదు, లేదా పడ్డది వదలట్లేదు. బండి వణుకుతున్నప్పుడు బ్రేక్ తాకగానే వణుకు ఆగితే దోషం లాకప్‌ది. అప్పుడూ వణుకుతూనే ఉంటే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్, టైర్లు చూపించండి.

3. బ్రేక్ లైట్లు చూడండి

నా కథ తేలింది ఇక్కడే. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పైకొచ్చి, "సార్, బండి బంద్ చేసినా ఎనక ఎర్ర లైట్లు ఆరుతలెవ్వు" అన్నాడు. పెడల్ దగ్గరుండే స్విచ్ ఇరుక్కుపోయింది. నేను బ్రేక్ తొక్కే ఉన్నానని కంప్యూటర్ అనుకుంటోంది, ఇక లాకప్ ఎందుకు వేస్తుంది? చిన్న స్విచ్ మార్చగానే ముల్లు దిగింది. ఇంజిన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఇంజిన్ వేడెక్కకపోయినా లాకప్ పడదు.

4. స్కానర్ పెట్టించండి

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు అందులో కనిపిస్తాయి. పీ0740, పీ0743 వస్తే కరెంటు వైపు లోపం. పీ0741 అంటే లాకప్ సరిగా పడట్లేదని, పీ0742 అంటే వదలట్లేదని. పీ0741 చూడగానే కన్వర్టర్ పోయిందనే మెకానిక్ మాట వెంటనే నమ్మకండి. ఆ కోడ్ సమస్య చెప్తుంది గానీ పాడైన పార్టు పేరు చెప్పదు.

5. గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి

వణుకు ఉంటే మొదటి అనుమానం దీని మీదే. మన ఎండలు, గంటల తరబడి పాకే ట్రాఫిక్ కలిసి ఆయిల్‌ని ఉడికిస్తాయి. తెల్ల గుడ్డ మీద ఒక చుక్క వేసి చూడండి. ముదురు గోధుమ రంగులో, మాడు వాసన వస్తే మార్చాల్సిందే. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే మాత్రం బండి నడపకండి. రేడియేటర్ నీళ్లు కలిసినట్టే, అవి క్లచ్ ప్లేటు పూతని ఊడదీస్తాయి. డిప్‌స్టిక్ లేని కార్లలో లెవెల్ చూడటం వర్క్‌షాప్ పనే.

సికింద్రాబాద్ రాణీగంజ్ స్పేర్ పార్టుల బజారులో ఏ డబ్బా దొరికితే అది కొనకండి, మాన్యువల్‌లో రాసిన గ్రేడే ఉండాలి. ఒకసారి డ్రెయిన్ చేస్తే పాత ఆయిల్ మొత్తం రాదు, చాలా భాగం కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. కొంత దూరం నడిపి రెండోసారీ మార్పించండి.

6. ఆ తర్వాతే మిగతావి

వైరింగ్, సోలెనాయిడ్ (కరెంటుతో ఆయిల్‌ని వదిలే, ఆపే వాల్వ్), వాల్వ్ బాడీ (ఆయిల్ దారులుండే దిమ్మ), ఈ వరసలో చూడమనండి. చాలా కార్లలో ఇవి గేర్‌బాక్స్ దించకుండానే అందుతాయి. కన్వర్టర్ చివరిది. అది మార్చాల్సే వస్తే, గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ పైపులు కడిగించమని ముందే చెప్పండి. లేకపోతే పాతదాని పొడి కొత్తదాంట్లోకి చేరుతుంది.