గీజర్ టైమర్ ఎందుకు ఆలస్యమయ్యేదంటే

తిరుపతిలో ఇల్లుంటే ధనుర్మాసమంతా చుట్టాలే. తెల్లారకముందే అలిపిరి చేరాలనుకునేవాళ్ల కోసం నాలుగింటికల్లా నీళ్లు కాగేలా గీజర్‌కు డయల్ టైమర్ పెట్టాం. కొన్నాళ్లకు అది ఐదు దాటితే గానీ ఆన్ అయ్యేది కాదు.

ఎలక్ట్రీషియన్ గీజర్‌నే మార్చమన్నాడు (వాళ్లకు అదే తేలిక కదా!). అసలు తిరకాసు టైమర్‌లో ఉంది. ఆ డయల్ కరెంటుతోనే తిరుగుతుంది. రాత్రి అరగంట కరెంటు పోతే అదీ అరగంట వెనకబడుతుంది, మళ్లీ మనమే సరిచేయాలి. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ బిగించాక టైము తప్పలేదు. కొనేటప్పుడు 16 ఆంపియర్లదే అడగండి. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్లది వేడెక్కి కాలిపోవచ్చు.

పనిలో పనిగా థర్మోస్టాట్‌ను 75 నుంచి 60 డిగ్రీలకు దించాను. మా బోరు నీళ్లకు వేడి ఎక్కువైతే ఎలిమెంట్ మీద తెల్లటి పెచ్చు త్వరగా కడుతుంది. అలాగని మరీ 45కి దించకండి, గోరువెచ్చటి నిల్వ నీళ్లలో బ్యాక్టీరియా పెరుగుతుంది. మాది 15 లీటర్లది, 60కి చేరడానికి 20–25 నిమిషాలు చాలు. అందుకే టైమర్ మూడున్నరకు పెట్టాను.