ఉద్దానం తోటలో రాత్రి చూపు: థర్మల్ స్కోప్ ఎలా ఎంచుకోవాలి

మార్చి నెల వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ఇద్దరు కలిస్తే మాట్లాడుకునేవి మూడే. జీడిపిక్క దిగుబడి ఎలా ఉంది, బస్తా ఎంత పలుకుతోంది, ఎలుగు ఎటువైపు తిరుగుతోంది. రాలిన జీడిపళ్లు మాగి వాసన వచ్చినా, పనసకాయ పండినా చీకటి పడ్డాక అది తోటలోకి దిగిపోతుంది. తెల్లవారకముందే పిక్కలు ఏరడానికి వచ్చే ఆడవాళ్లకి, మోటారు వేయడానికి ఒంటరిగా వెళ్లే రైతుకి ప్రమాదం అక్కడే. 2022 జూన్‌లో మా వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడి చేసి ఒక రైతు ప్రాణం తీసింది, మరికొందరిని గాయపరిచింది. ఆ భయం ఇంకా ఎవరికీ పోలేదు.

అప్పటి నుంచి నన్ను చాలామంది అడిగేది ఒకటే, "రాత్రిపూట కనిపించే తుపాకీ స్కోప్‌లు వస్తున్నాయట కదా, ఏది కొనమంటావు?" అని. తుపాకీ స్కోప్ వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, ఎలుగుబంటి, ఏనుగు రెండూ ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, తుపాకీకి బిగించిన స్కోప్‌తో చూడాలంటే చూసిన ప్రతిసారీ గొట్టాన్ని అటు తిప్పాలి. చీకట్లో కనిపించిన ఆ వెచ్చటి మచ్చ పక్క తోట ముసలాయనా, ఆవా, ఎలుగా అని తెలియకముందే తుపాకీ అటు చూస్తూ ఉంటుందన్నమాట, ఇంతకంటే చెడ్డ ఆలోచన ఇంకొకటి లేదు. పైగా స్కోప్ ధరలో తుపాకీ దెబ్బకి తట్టుకునే గట్టి నిర్మాణానికి, గురి గీతలకి, గురి సరిచేసే ఏర్పాట్లకి కూడా డబ్బు కడతాం, అవేవీ మనకి అక్కర్లేదు. లోపలుండే సెన్సర్, లెన్సు, తెర అదే రకంవి చేత్తో పట్టుకునే మోనోక్యులర్‌లో దొరుకుతాయి. ఒంటికంటి దుర్భిణి లాంటిది, జేబులో పడుతుంది. అది కొనండి.

రాత్రి చూసే డిజిటల్ పరికరాలు రెండు రకాలు, కొట్టువాళ్లు రెండింటినీ "నైట్ విజన్" అనే ఒకే పేరుతో అమ్మేస్తుంటారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. మొదటి రకంలో మామూలు కెమెరా లాంటి సెన్సర్, దానికి తోడు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ టార్చి ఉంటాయి. టార్చి వెలుగు పడి తిరిగొస్తేనే బొమ్మ. 850 నానోమీటర్ల టార్చి అయితే దూరం బాగా వెళ్తుంది కానీ దాని ముఖాన చిన్న ఎర్రటి మెరుపు కనిపిస్తుంది, 940 అయితే ఆ మెరుపు దాదాపు ఉండదు, దూరం తగ్గుతుంది. ధర తక్కువ. బయలు ప్రదేశంలో, కొబ్బరి తోటలో మొదళ్ల మధ్య నుంచి చూడటానికి ఫర్వాలేదు. జీడి తోటలో మాత్రం దీనితో నేను చాలా ఇబ్బంది పడ్డాను. మన జీడిచెట్లు కొమ్మలు నేలకి దించుకుని గొడుగులా పరుచుకుంటాయి కదా, టార్చి వేయగానే ఎదురుగా ఉన్న ఆకులే తెల్లగా భగ్గుమని, వాటి వెనకున్నదంతా నల్లటి గుడ్డలా అయిపోతుంది. మంచు పడే రాత్రి అయితే గాలిలోని తేమే మెరుస్తుంది.

రెండోది థర్మల్. దీనికి వెలుగుతో పనిలేదు. ప్రతి వస్తువు నుంచీ వచ్చే వేడి కిరణాలను, 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య ఉండేవాటిని, పట్టుకుని బొమ్మ చేస్తుంది. అమావాస్య అయినా ఒకటే. ఆకుల వెనక ఉన్నది దీనికీ కనపడదు, కానీ ఆకుల సందుల్లోంచి కొంచెం వెచ్చదనం కనిపించినా చుక్కలా పట్టిస్తుంది, ఆ చుక్క కదిలిందంటే అటు అడుగు వేయకుండా ఆగిపోవచ్చు. ఇంకో సంగతి, గాజులోంచి థర్మల్ పనిచేయదు. కారు అద్దం ఎత్తి, ఇంటి కిటికీ తలుపు మూసి చూస్తే అద్దం మీద మీ నీడే కనిపిస్తుంది, పరికరం పాడైందని కంగారు పడకండి. తోట కాపలాకి నా ఓటు థర్మల్‌కే, డబ్బు సరిపోకపోతే ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒకటి కొనుక్కోమంటాను.

ఇప్పుడు అసలు విషయం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "500 మీటర్లు", "900 మీటర్లు" అని ఉంటుంది. నేను మొదటిసారి ఆ అంకె చూసే ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించుకుని, రెండు వందల మీటర్ల దూరంలో ఆవుకీ కుక్కకీ తేడా తెలియక దాన్ని అటక ఎక్కించాను. ఆ అంకె అబద్ధం కాదు, కానీ దాని అర్థం వేరు. అంత దూరంలో మనిషంత వస్తువు ఉంటే తెర మీద రెండు మూడు చుక్కల మేర ఏదో వెచ్చగా కనపడుతుందని మాత్రమే. అది జంతువని తెలియాలంటే ఆరు నుంచి ఎనిమిది చుక్కలు కావాలి. ఫలానా జంతువని నమ్మకంగా చెప్పాలంటే ఎత్తులో కనీసం పన్నెండు చుక్కలైనా ఉండాలి.

దీన్ని మనమే లెక్క కట్టుకోవచ్చు. స్పెసిఫికేషన్లలో రెండు వివరాలు వెతకండి: పిక్సెల్ పిచ్ (సెన్సర్‌లో చుక్కకీ చుక్కకీ మధ్య దూరం) ఎన్ని మైక్రాన్లు, లెన్సు ఎన్ని మిల్లీమీటర్లు. ఇప్పుడొచ్చేవాటిలో పిచ్ ఎక్కువగా 12 మైక్రాన్లు. అప్పుడు 120ని లెన్సు మిల్లీమీటర్లతో భాగిస్తే, 100 మీటర్ల దూరంలో ఒక్కో చుక్క ఎన్ని సెంటీమీటర్లు కప్పుతుందో వచ్చేస్తుంది. 10 మి.మీ. లెన్సుకి 12 సెంటీమీటర్లు, 19 మి.మీ.కి ఆరుకి కొంచెం పైన, 35 మి.మీ.కి మూడున్నర. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఎలుగు భుజం ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు అనుకుందాం. 10 మి.మీ. లెన్సులో 100 మీటర్ల దగ్గర అది ఆరు చుక్కలు, ఏదో జంతువని తెలుస్తుంది, అంతే. 19 మి.మీ.లో పన్నెండు, ఎలుగని చెప్పగలం. పాత మోడల్ ఏదైనా 17 మైక్రాన్లది చూపిస్తే 120 బదులు 170ని భాగించండి.

అలాగని పెద్ద లెన్సు కొనేస్తే ఇంకో చిక్కు ఉంది, చూపు ఇరుకైపోతుంది. సెన్సర్‌లో అడ్డంగా ఎన్ని చుక్కలున్నాయో దాన్ని బట్టి ఒక్క చూపులో ఎంత వెడల్పు పడుతుందో ఉంటుంది. 256 చుక్కల సెన్సర్‌కి 19 మి.మీ. లెన్సు పెడితే 100 మీటర్ల దగ్గర కనిపించేది పదహారు మీటర్ల వెడల్పు. మా తోటలో వరసకీ వరసకీ ఎనిమిది మీటర్లు, అంటే రెండు వరసలు. ఎకరాలకి ఎకరాలు ఇలా సన్నటి గొట్టంలోంచి చూసినట్టు వెతుకుతుంటే మెడ పట్టేస్తుంది, ఎలుగు పక్క నుంచి దాటిపోయినా తెలియదు. 384 చుక్కల సెన్సర్‌కి అదే లెన్సు పెడితే ఇరవై నాలుగు మీటర్లు, మూడు వరసలు. అందుకే మన జీడి తోటలకి 384 సెన్సర్, 19 దరిదాపుల్లో లెన్సు సరిగ్గా సరిపోతుందని నేను గట్టిగా చెబుతాను. చిన్న తోట, ఇంటి పెరడు, డాబా మీద నుంచి చూడటం వరకే అయితే 256కి 10 మి.మీ. చాలు, అది వేలల్లో వస్తుంది. 640 సెన్సర్‌వి బొమ్మ అద్భుతంగా ఉంటాయి కానీ లక్షల్లో మాట. పార్వతీపురం వైపు ఏనుగుల భయం ఉన్నవాళ్లకి లెక్క మారుతుంది. ఏనుగు పెద్దది, చిన్న లెన్సులోనూ తెలిసిపోతుంది, కానీ దాన్ని చాలా దూరం నుంచే చూడాలి, కాబట్టి బయలు పొలాల్లో 25, 35 మి.మీ. లెన్సులు పనికొస్తాయి.

డిజిటల్ జూమ్ ఎన్ని రెట్లని రాసినా పట్టించుకోకండి. ఉన్న చుక్కలనే పెద్దవి చేస్తుంది, కొత్తగా ఏమీ చూపించదు.

ఎన్‌ఈటీడీ అని ఇంకో అంకె ఉంటుంది, మిల్లీకెల్విన్లలో, ఎంత చిన్న ఉష్ణోగ్రత తేడాని పట్టగలదో చెప్పేది. తక్కువుంటే మంచిది. చలిదేశాల్లో 40 ఉన్నా నడుస్తుందేమో గానీ, సముద్రం పక్కన ఉక్కపోత రాత్రుల్లో నేల, చెట్టు, జంతువు అన్నీ దగ్గర దగ్గర వేడిలో ఉండే మన దగ్గర 25 లోపు ఉన్నదే తీసుకోండి. వానలోనూ, దట్టమైన పొగమంచులోనూ ఎంత మంచిదైనా బొమ్మ పేలవమవుతుంది. ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో అది, 25 హెర్ట్జ్ కానీ 50 కానీ ఉండాలి, 9 అయితే కదిలే జంతువు గెంతుతున్నట్టు కనిపిస్తుంది.

డబ్బు కట్టకముందు, కుదరకపోతే వాపసు గడువు లోపలే, ఒక రాత్రి మీ తోటలో పరీక్ష పెట్టండి. నేను రెండోసారి కొన్నప్పుడు చేసింది చెబుతాను. ఏప్రిల్‌లో రాత్రి ఏడున్నరకి డాబా ఎక్కాం, నేనూ, మా చిన్నాన్న, కాపలా ఉండే తాత. ముందు కంటి దగ్గరుండే రింగు తిప్పి మెనూ అక్షరాలు స్పష్టంగా కనపడేలా పెట్టుకోవాలి, ఇది చేయకుండానే "బొమ్మ మసక" అని తిరిగిచ్చేసేవాళ్లు ఉన్నారు. ఆ తర్వాతే ముందు లెన్సు సరిచేయాలి. చూస్తే తోటంతా మచ్చలే. పగలంతా ఎండకి కాగిన రాళ్లు, మోటారు షెడ్డు రేకు, మట్టిగట్టు అన్నీ తెల్లగా వెలుగుతున్నాయి, వాటిలో మేక ఏదో రాయి ఏదో తెలియలేదు. పదిన్నరకి మళ్లీ చూస్తే ఇసుక నేల చల్లారి నల్లబడింది, పాకలో కట్టిన ఆవు ఒక్కటే దీపం పెట్టినట్టు కనిపించింది. తాత ఒక్క క్షణం చూసి, "ఏటి బాబూ, దాని ఊపిరి కూడా కనపడతందే" అన్నాడు. నిజమే, ముక్కుపుటాల దగ్గర ఊపిరి విడిచినప్పుడల్లా చిన్న తెలుపు వచ్చి పోతోంది. తర్వాత చిన్నాన్న తోటలోకి నడిచి ఐదో వరస, పదో వరస, పదిహేనో వరస దగ్గర ఆగాడు, ఓసారి నిలబడి, ఓసారి వంగి పిక్కలు ఏరుతున్నట్టుగా. వంగిన మనిషి, నాలుగు కాళ్ల జంతువు ఎంత దూరంలో ఒకేలా కనిపిస్తాయో ఆ దూరమే మీ పరికరానికి హద్దు, డబ్బా మీద అంకె కాదు. మా దాంట్లో అది పదమూడో వరస. దూరం చెప్పే లేజర్ ఉన్న మోడల్‌కి అదనంగా డబ్బు పోయాల్సిన పని లేదు, వరసలు లెక్కపెట్టుకుంటే చాలు.

ఎలుగు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. దాని పొడవాటి బొచ్చు ఒంటి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, అందుకని ఆవులా ఒళ్లంతా వెలగదు. బొచ్చు పొట్టిగా ఉండే మూతి దగ్గరే తెలుపు ఎక్కువ. మసక దిబ్బ ముందు చిన్న వెలుగు చుక్క ఉండి, అది అటూ ఇటూ ఊగుతుంటే అనుమానించండి.

మధ్య మధ్యలో "టిక్"మని చప్పుడై బొమ్మ అర సెకను ఆగుతుంది. లోపలి షట్టర్ మూసుకుని సెన్సర్‌ని సరిచేసుకుంటోందన్నమాట, రిపేరు కాదు. తెర వెలుతురు బాగా తగ్గించుకోండి, లేకపోతే కన్ను తీయగానే ఆ కంటికి కాసేపు చీకట్లో ఏమీ కనపడదు, మెట్లు దిగుతూ పడిపోతారు. సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పొద్దు, సెన్సర్ కాలిపోవచ్చు. అందుకే పగలు పిల్లల చేతికి ఇవ్వొద్దు.

బ్యాటరీ బయటికి తీసి మార్చుకునేది తీసుకోండి, 18650 రకమైతే విడిగా కూడా దొరుకుతుంది. గాలివాన వస్తే మనకి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. 2018 అక్టోబరు తిత్లీ తుపానుకి ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. టైప్‌-సి చార్జింగ్ ఉంటే పవర్ బ్యాంకుతో నడిపేయొచ్చు. దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే ఐపీ67 గుర్తు ఉండాలి. సముద్రపు గాలికి లెన్సు మీద ఉప్పు పొర పడుతుంది, తువ్వాలుతో గట్టిగా రుద్దకండి, ముందు ఊది, మెత్తటి లెన్సు గుడ్డతో తుడిచి, తేమ పీల్చే సిలికా ప్యాకెట్ వేసిన డబ్బాలో పెట్టండి. వీడియో తీసే సదుపాయం ఉంటే మంచిదే, అటవీశాఖ వాళ్లకి చూపిస్తే మాటల కంటే త్వరగా కదులుతారు. వైఫై, యాప్ వగైరా లేకపోయినా నష్టం లేదు. కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు, మన దేశంలోనే చెల్లే వారంటీ అడగండి. బిల్లు లేకుండా చవగ్గా వస్తోందని తెచ్చుకుంటే పాడైన రోజున ఎవరి దగ్గరికీ వెళ్లలేరు.

పరికరం చేతిలో ఉంది కదా అని ధైర్యంగా తోటలోకి నడిచి వెతకొద్దు. దగ్గరగా ఎదురుపడి ఉలిక్కిపడితేనే ఎలుగు మీదపడుతుంది, దాని చూపు, వినికిడి అంత గొప్పవి కావు, మనం దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు. మేం సీజన్‌లో చేసేది ఇదీ: తెల్లవారుజామున నాలుగున్నరకి ఒకరు డాబా ఎక్కుతారు. నేల బాగా చల్లారి బొమ్మ అన్నిటికంటే తేటగా ఉండే వేళ అది. ఎడమ చివరి వరస నుంచి మొదలుపెట్టి ఒక్కో చెట్టు మొదలు దగ్గర రెండు సెకన్లు ఆగుతూ కుడి చివరి దాకా, తర్వాత మళ్లీ వెనక్కి చూస్తారు. రెండు సార్లూ ఏమీ లేకపోతే, ఏరేవాళ్లు గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ దిగుతారు. అనుమానం ఉంటే ఆ రోజు పొద్దెక్కేదాకా ఎవరూ దిగరు, అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కి ఫోన్ వెళ్తుంది, పక్క తోటల వాళ్లకి కూడా.