ఛార్జింగ్ కేబుల్ కోతలు, చోరీలు: విద్యుత్ కారు యజమాని తీసుకోవలసిన జాగ్రత్తలు

విద్యుత్ కారు ఛార్జింగ్ కేబుల్ మీద కన్నేసేవారిలో ప్రధానంగా రెండు రకాల వారుంటారు. కేబుల్‌ను కేబుల్‌గానే అమ్ముకోదలచినవారు దాన్ని కారు నుంచి ఊడదీసుకుని పోతారు. అందులోని రాగి కోసం వచ్చేవారు కోసుకుని పోతారు. మొదటి రకం వారిని తాళం ఆపగలదు, రెండో రకం వారిని ఆపలేదు. ఈ తేడా తెలుసుకోకుండా కొనే గొలుసుల మీద పెట్టిన డబ్బు చాలావరకు దండుగే అవుతుంది.

ఫాస్ట్ ఛార్జర్ కేబుల్ వందల ఆంపియర్ల కరెంటును మోయాలి కాబట్టి అందులో లావైన రాగి తీగలు ఉంటాయి. తుక్కు కింద అమ్మితే దొంగకు దక్కేది కొత్త కేబుల్ బిగించడానికయ్యే ఖర్చులో చిన్న వంతు మాత్రమే. అయినా కోతలు జరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే ఎవరూ ఛార్జ్ చేసుకోని సమయంలో కేబుల్‌లో కరెంటు ఉండదని కోసేవారికి తెలుసు. కొన్ని చోట్ల నిర్వాహకులు కేబుళ్లకు కోతను తట్టుకునే తొడుగులు వేయడం, కోస్తే రంగు చిమ్మే ఏర్పాటు చేయడం మొదలుపెట్టారు. యజమాని చేతిలో ఉన్న పనులు మాత్రం వేరు.

మొదట చూడవలసింది కారు సాకెట్‌లోని లాక్

గన్‌ను, అంటే కేబుల్ చివర ఉండే ప్లగ్‌ను, కారులో పెట్టినప్పుడు లోపలి నుంచి ఒక చిన్న లోహపు పిన్ను కదిలి, గన్‌కు ఉన్న గాడిలో దిగి, దాన్ని పట్టి ఉంచుతుంది. దిగేటప్పుడు మోటారు చప్పుడు సన్నగా వినిపిస్తుంది. కేబుల్ చోరీని నిజంగా అడ్డుకునేది ఈ పిన్నే. అది ఎంతసేపు దిగి ఉంటుందనేది మాత్రం కారును బట్టి మారుతుంది. కొన్ని కార్లలో తలుపులు లాక్ చేసి ఉన్నంతసేపూ గన్ కూడా లాక్ అయి ఉంటుంది. మరికొన్నింటిలో ఛార్జింగ్ పూర్తికాగానే, మరొకరికి స్టేషన్ అందుబాటులోకి రావాలన్న సదుద్దేశంతో, లాక్ దానంతటదే వదులుతుంది. రాత్రి ఛార్జింగ్‌కు పెట్టి నిద్రపోయేవారికి ఈ రెండో పద్ధతి ప్రమాదకరం, ఎందుకంటే తెల్లవారుజామున బ్యాటరీ నిండిన క్షణం నుంచి కేబుల్‌కు కాపలా ఉండదు. కాబట్టి కారు సెట్టింగులలో ఛార్జింగ్ విభాగం తెరిచి, కీతో లేదా యాప్‌తో తెరిచినప్పుడు మాత్రమే గన్ వదిలేలా మార్చుకోవాలి. మార్చాక కారు లాక్ చేసి, గన్‌ను ఒకసారి గట్టిగా లాగి చూడాలి. తెర మీద లాక్ గుర్తు కనిపించినంత మాత్రాన పిన్ను పూర్తిగా దిగిందని అనుకోకూడదు.

టైప్ 1 (ఐదు పిన్నుల) గన్ పైన ఉండే బొటనవేలి మీటలో చిన్న రంధ్రం ఉంటే, అందులో సన్నని తాళం వేసుకోవచ్చు. సొంత కేబుల్ తెచ్చుకుని స్టేషన్ సాకెట్‌లో పెట్టే చోట్ల రెండో కొస సంగతీ చూసుకోవాలి. సాధారణంగా ఛార్జింగ్ కార్డు చూపి ఆపేవరకు స్టేషన్ ఆ కొసను పట్టి ఉంచుతుంది, కానీ కొన్ని స్టేషన్లలో కరెంటు పోతే లాక్ వదిలేసేలా అమరిక ఉంటుంది.

కేబుల్‌ను చక్రం కింద నొక్కిపెట్టమని కొందరు సలహా ఇస్తుంటారు. ఇది పాటించదగినది కాదు. పై తొడుగు చెక్కుచెదరకపోయినా లోపలి సన్నని సంకేతపు తీగలు బరువుకు దెబ్బతింటాయి. మిగులు కేబుల్‌ను బిగుతుగా చుట్టి గొలుసు వేయడమూ అంతే. గంటల తరబడి 32 ఆంపియర్లు పారే కేబుల్‌ను చుట్టగా ఉంచితే వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఇంటి దగ్గర పని తేలిక. అవసరం లేనప్పుడు విడి కేబుల్‌ను డిక్కీలోనో ఇంటిలోపలో ఉంచాలి. కేబుల్ శాశ్వతంగా బిగించి ఉన్న వాల్ బాక్స్ (గోడకు బిగించే ఛార్జర్) అయితే, యాప్‌లోనో కార్డుతోనో దాన్ని లాక్ చేసి, ఊరెళ్లేటప్పుడు దాని బ్రేకర్‌ను దించాలి. కేబుల్ సీరియల్ నంబరును ఫోటో తీసి ఉంచుకోవాలి, రెండు కొసల మీదా చెరిగిపోని గుర్తు వేయాలి. ఇంటికి, కారుకు దూరంగా ఉన్నప్పుడు కూడా కేబుల్‌కు బీమా వర్తిస్తుందో లేదో పాలసీ చదివి తేల్చుకోవాలి.

పబ్లిక్ స్టేషన్‌లో పెట్టే ముందు

గన్‌ను చేతిలోకి తీసుకోగానే కారులో పెట్టేయకుండా ముందు దాని ముఖం చూడాలి. టైప్ 2 గన్‌లో ఏడు పిన్నులు ఉంటాయి. పై వరుసలోని రెండు చిన్నవి కారుకూ స్టేషన్‌కూ మధ్య సంకేతాలు మోస్తాయి. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, కరిగినట్టు కనిపించినా, రంధ్రాల్లో జిగురో మట్టో కూరి ఉన్నా ఆ గన్‌ను వాడకుండా వదిలేయాలి. తర్వాత కేబుల్ పొడవునా చూపు పోనివ్వాలి. సగం కోసి వదిలేసిన కేబుల్, పూర్తిగా తెగిన కేబుల్ కన్నా ప్రమాదకరం, ఎందుకంటే అది చూడడానికి పనిచేసేదిలాగే ఉంటుంది. ఫాస్ట్ ఛార్జర్లలో 400 నుంచి 800 వోల్టుల డీసీ కరెంటు పారుతుందని మరవకూడదు.

ఛార్జింగ్ జరుగుతుండగా ఎవరైనా కేబుల్ కోస్తే ఏమవుతుందన్న భయం సహజమే. సంకేతపు తీగలో 12 వోల్టుల పైలట్ సంకేతం (కారు కేబుల్‌కు తగిలి ఉందని స్టేషన్‌కు తెలిపేది) సెకనుకు 1000 సార్లు మారుతూ ఉంటుంది. ఆ తీగ తెగిన మరుక్షణం స్టేషన్ కరెంటు ఆపేస్తుంది. ఇది నమ్మదగిన రక్షణే. అయినా తెగిన కొసలను చేత్తో తాకడానికి ఇది అనుమతి కాదు.

స్టేషన్ మీద అతికించిన క్యూఆర్ కోడ్‌ను గోటితో ఒకసారి తడమాలి. అసలు కోడ్ మీద మరో స్టిక్కర్ అతికించి, డబ్బు వేరే ఖాతాకు మళ్లించే మోసాలు జరుగుతున్నాయి. ఛార్జింగ్ సంస్థ సొంత యాప్ నుంచే చెల్లించడం మేలు. చాలా ఛార్జింగ్ కార్డులు తమ నంబరును మాత్రమే చెబుతాయి, దాన్ని నకలు చేయడం కష్టం కాదు. అందుకే ప్రతి నెలా బిల్లులో మీవి కాని ఛార్జింగులు ఉన్నాయేమో చూసుకోవాలి.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, స్విస్ రక్షణ శాఖ పరిశోధకులతో కలిసి 2022లో మరో బలహీనతను వెల్లడించారు. సీసీఎస్ అనే ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతిలో జరిగే డీసీ ఛార్జింగ్‌ను ఒక చిన్న రేడియో పరికరంతో 47 మీటర్ల దూరం నుంచి ఆపేయవచ్చని వారు చూపారు. ఇంటి ఏసీ ఛార్జింగ్‌లో కారు, ఛార్జర్ మాట్లాడుకునే పద్ధతి వేరు కాబట్టి దానికి ఈ బెడద లేదు. డీసీ ఛార్జింగ్ మధ్యలో ఆగితే అది చాలాసార్లు స్టేషన్ లోపమే కావచ్చు, కానీ ఇలాంటి దాడితో ఆగితే గన్ తీసి మళ్లీ పెట్టాకే మొదలవుతుంది. ఆ కారణంగా యాప్‌లో ఛార్జింగ్ నోటిఫికేషన్లు తెరిచి ఉంచుకోవాలి.

కారు సంగతి

తాళం తీయకుండానే తెరుచుకునే కార్లను రిలే పద్ధతిలో దొంగిలిస్తారు: ఇంట్లోని కీ సంకేతాన్ని ఒకరు అందుకుని, కారు దగ్గరున్న మరొకరికి పంపుతారు. 2022 మేలో ఎన్‌సీసీ గ్రూప్ అనే భద్రతా సంస్థ, ఫోన్‌నే కీగా వాడే టెస్లా కార్లను కూడా బ్లూటూత్ రిలేతో తెరవవచ్చని నిరూపించింది. కీని సంకేతాలు దాటనివ్వని సంచిలో ఉంచి, ఆ సంచితోనే కారు దగ్గరికి వెళ్లి తలుపు తెరుచుకుంటుందో లేదో పరీక్షించాలి. కారులో నడిపేముందు పిన్ నంబరు అడిగే సదుపాయం ఉంటే తప్పనిసరిగా వాడాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసే రక్షణ అదే. పాత కారు కొన్నవారు మొదటి రోజే మునుపటి యజమాని ఖాతాను కారు నుంచి తొలగించాలి, లేకపోతే ఆయన ఫోన్‌లో మీ కారు ఎక్కడుందో కనిపిస్తూనే ఉంటుంది, తలుపులూ తెరవవచ్చు.

తెగిన కేబుల్ కనిపిస్తే

స్టేషన్ మీద ఉన్న సహాయ నంబరుకు ఫోన్ చేసి స్టేషన్ గుర్తింపు సంఖ్య చెప్పాలి, దూరం నుంచి ఫోటో తీయాలి, పిల్లలను దరిదాపులకు రానివ్వకూడదు. సొంత కేబుల్ తెగితే దాన్ని టేపు చుట్టి అతికించే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అతుకు దగ్గర వేడి పెరిగి నిప్పు అంటుకోవచ్చు. కొత్త కేబుల్ కొనడమే దారి. పోలీసు ఫిర్యాదు ప్రతి లేకుండా బీమా సంస్థ క్లెయిమ్‌ను ముందుకు కదపకపోవచ్చు కాబట్టి, ముక్కలను పారేయకముందే ఫిర్యాదు చేయాలి.

తెగిన గన్ కారులోనే లాక్ అయి మిగిలిపోతే బలంగా పీకకూడదు, లోపలి పిన్ను విరుగుతుంది. ముందు కీతో తెరిచి చూడాలి. వదలకపోతే చాలా కార్లలో ఛార్జింగ్ సాకెట్ వెనుక, డిక్కీ పక్క గోడలోనో బానెట్ కిందనో చేత్తో లాగే అత్యవసర తాడు ఉంటుంది. అది ఎక్కడుందో మాన్యువల్‌లో ఇవాళే చూసి పెట్టుకోవాలి. కేబుల్ అవతలి కొస ఇంకా స్టేషన్‌కు తగిలి ఉంటే, స్టేషన్ మీది ఎర్రటి అత్యవసర బటన్ నొక్కిన తర్వాతే ఆ తాడును లాగాలి.