తామర తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోందా? ముందు ఆ ట్యూబు వెనక చదవండి

స్నానం చేసి ఒళ్ళు పొడిగా తుడుచుకోవాలి, నూలు బట్టలు వేసుకోవాలి, గోళ్ళు కత్తిరించుకోవాలి. ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. అవన్నీ పాటిస్తూ కూడా "నెలల తరబడి తామర వదలడం లేదండి" అని వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వీళ్ళలో చాలామంది రెండు పనులు చేసి ఉండరు. రాసుకుంటున్న ట్యూబు మీద ఏం మందులున్నాయో చదివి ఉండరు, ఇంట్లో ఇంకెవరికి దురద ఉందో అడిగి ఉండరు. రెండూ కలిపి ఐదు నిమిషాల పని. కానీ అప్పటికే రక్తపరీక్షలు, అలర్జీ పరీక్షలు అయిపోయి ఉంటాయి, వంకాయ మానేసి ఉంటారు, గోంగూర మానేసి ఉంటారు.

తామర వంకాయ వల్ల రాదు. ఒంట్లో వేడి వల్ల, "రక్తం చెడిపోవడం" వల్ల కూడా రాదు. చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌ను తిని బతికే ఫంగస్ వల్ల వస్తుంది. ఆ ఫంగస్‌కు చెమట, తడి, ఒరిపిడి ఉంటే చాలు. అందుకే తొడల సందుల్లో, పిరుదుల మీద, రొమ్ముల కింద, మొలతాడు వెంబడి, లంగా నాడా బిగించే చోట ముందు కనబడుతుంది.

అసలు అది తామరేనా?

గుండ్రటి మచ్చ, కాస్త ఉబ్బెత్తుగా పొలుసులతో ఉన్న అంచు, మధ్యలో మామూలుగా కనబడే చర్మం, బయటికి పాకుతూ పెద్దదవడం. ఇవి ఉంటే దాదాపుగా తామరే. చాలాసార్లు చూడగానే తెలిసిపోతుంది, పెద్ద విద్యేమీ అక్కర్లేదు.

పగలంతా పర్వాలేదు కానీ రాత్రి దుప్పటి కప్పుకోగానే దురద పెరుగుతోందా? వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, మర్మాంగాల మీద చిన్న చిన్న పొక్కులున్నాయా? ఇంట్లో ఇద్దరు ముగ్గురు గోక్కుంటున్నారా? అది గజ్జి. దానికి తామర మందు రాస్తే ఏమీ జరగదు. 5 శాతం పర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాళ్ళ దాకా, దురద లేనిచోట కూడా రాసి, రాత్రంతా ఉంచి పొద్దున కడిగేయాలి. వారం తర్వాత ఇంకోసారి. చిన్నపిల్లలకు తలకు కూడా రాయాల్సి వస్తుంది, నెలల పసికందులకైతే డాక్టరును అడగకుండా రాయకండి. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. "మా ఆయనకు లేదు, ఆయన రాసుకోలేదు" అంటే నెల తిరక్కుండా మళ్ళీ మొదటికే వస్తుంది. గజ్జి పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. దాన్ని చూసి మందు పనిచేయలేదని రోజూ పర్మెత్రిన్ పూసుకోకండి.

ఎండాకాలం మెడ మీద, వీపు మీద సన్నగా ఎర్రగా వచ్చేవి చెమటకాయలు. చల్లటి నీళ్ళు, వదులు బట్టలు, ఫ్యాను గాలి, కావాలంటే కాలమైన్ లోషన్, అంతే. పౌడరు మీద పౌడరు కొట్టకండి, నూనె అసలే వద్దు. ఛాతీ మీద, వీపు మీద లేతరంగు మచ్చలు, గోరుతో గీస్తే సన్నటి పొట్టు, దురద పెద్దగా లేకపోవడం శోభి లక్షణాలు. కీటోకొనజోల్ షాంపూకు లొంగుతుంది. కాకపోతే ఫంగస్ పోయాక కూడా చర్మం రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఈలోగా మందు మార్చకండి.

ఇక అసలు సంగతి: ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉంది

"ఇప్పటిదాకా ఏం వాడారమ్మా?" అని అడిగితే నూటికి తొంభై మంది చెప్పేది ఒకటే: "ఏం వాడలేదండి, ఆయింట్‌మెంట్ ఒక్కటే." బిళ్ళలు వేసుకుంటేనే మందు వాడినట్టు, క్రీము లెక్కలోకి రాదు. ఆ క్రీము డాక్టరు రాసింది కాకపోవచ్చు. మెడికల్ షాపులో "తామరకు ఏదైనా ఇవ్వండి" అంటే ఇచ్చింది, లేదా వదినగారికి తగ్గిందని ఆవిడ ఇచ్చిన సగం ట్యూబు.

అలాంటి ట్యూబుల్లో ఎక్కువభాగం కలగూరగంపలే. ఫంగస్‌కు ఒక మందు, బ్యాక్టీరియాకు ఒకటో రెండో, వాటితోపాటు ఒక గట్టి స్టెరాయిడ్. మూడో రోజుకల్లా దురద మాయమయ్యేది ఆ స్టెరాయిడ్ వల్లే. ఫంగస్ మీద మన శరీరం చేసే పోరాటమే దురద, ఎరుపు, వాపు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది, ఫంగస్‌ను ముట్టుకోదు. మసి పూసి మారేడుకాయ చేయడమంటే ఇదే. దురద లేదు కదా అని వారంలో ట్యూబు పక్కన పెడతారు. అడ్డు లేక పెరిగిన ఫంగస్ పది రోజుల్లో రెట్టింపు మేర పాకుతుంది. మళ్ళీ అదే ట్యూబు, మళ్ళీ మూడు రోజుల సుఖం. "ఆ క్రీము రాస్తే తగ్గుతుంది, మానేస్తే వస్తుంది, అంటే అది మంచి క్రీమే కదా" అని నాతో వాదించినవాళ్ళు చాలామంది ఉన్నారు.

దీన్ని పట్టుకోవడం డాక్టర్లకూ కష్టమే. స్టెరాయిడ్ పడిన తామర, తామరలా ఉండదు. అంచు చెరిగిపోతుంది, పొలుసులు పోతాయి, ఒక వలయం లోపల ఇంకో వలయం వస్తుంది, లేదా గుండ్రటి ఆకారమే లేకుండా ఎర్రటి పెద్ద మచ్చ మిగులుతుంది. చూసినవాళ్ళు ఎగ్జిమా (ఫంగస్ లేకుండా వచ్చే దురద జబ్బు) అనుకుంటారు. ఎగ్జిమాకు మందు స్టెరాయిడే కాబట్టి ఇంకో బలమైన ట్యూబు రాస్తారు. ఆ ఉచ్చులో పడిన మచ్చలను చాలా చూశాను. అందుకే ఇప్పుడు మచ్చ కంటే ముందు ట్యూబు చూపించమంటాను. పారేశామంటే ఫోనులో పెట్టె ఫొటో ఉందేమో వెతకమంటాను, అదీ లేకపోతే షాపువాళ్ళకు అక్కడే ఫోను చేయిస్తాను.

మీ చేతిలో ఉన్న ట్యూబును ఇలా చదవండి. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న బ్రాండు పేరు వదిలేయండి. వెనక సన్న అక్షరాల్లో మందుల పేర్లుంటాయి. "సోన్", "లోన్", "సాల్" అని ముగిసే పేరుంటే అది దాదాపుగా స్టెరాయిడే: బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటసోన్, ట్రయామ్‌సినలోన్, క్లోబెటసాల్, హాలోబెటసాల్. పేరు చివర ఎసిటేట్, వాలరేట్, ప్రొపియోనేట్ లాంటి తోక ఉంటే దాని ముందున్న మాట చూడండి. "నజోల్", "మజోల్" అని ముగిసేవి ఫంగస్ మందులు: క్లోట్రిమజోల్, లూలికొనజోల్, కీటోకొనజోల్. ఆర్నిడజోల్ కూడా వినడానికి అలాగే ఉంటుంది కానీ దానికి ఫంగస్‌తో సంబంధం లేదు. నాలుగైదు మందులు వరసగా కనబడితే మాత్రం పేర్లు కూడబలుక్కోవాల్సిన పని కూడా లేదు, పక్కన పెట్టేయండి.

స్టెరాయిడ్ వచ్చేది ట్యూబులోంచే కాదు. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర వేయించుకున్న "దురద ఇంజెక్షన్" చాలాసార్లు అదే. తెల్లబడటానికని ముఖానికి రాసుకునే కొన్ని క్రీముల్లో ఉంటుంది. పేరూ ఊరూ లేని డబ్బాలో "మూలికల మలాం" అని ఇచ్చింది రెండు రోజుల్లో మంత్రం వేసినట్టు పనిచేస్తే దాన్నీ అనుమానించండి.

తామర ముదరడం ఒక్కటే నష్టం కాదు. తొడల సందుల్లో నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి, అవి జీవితాంతం పోవు. ముఖానికి రాస్తే మొదట నిగనిగలాడి, తర్వాత ఎండ తగిలితే మంట, ఎరుపు, మొటిమలు, ఆడపిల్లలకు బుగ్గల మీద వెంట్రుకలు. ఇది ఎంత విపరీతంగా ఉందంటే, 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటరు దగ్గర జరిగేది మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒక మాట చెప్పాలి, స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు అదే సరైన మందు, డాక్టరు చెప్పిన చోట చెప్పినన్ని రోజులు నిశ్చింతగా రాసుకోండి. ఫంగస్ మీద రాయడమే తప్పు.

ఎలా బయటపడాలి

ఒంటి మీద తామరకైతే ఆ ట్యూబు ఇవాళే ఆపి, స్టెరాయిడ్ లేని, ఒకే ఒక్క ఫంగస్ మందు ఉన్న క్రీము మొదలుపెట్టాలి. మొదటి వారం పది రోజులు దురద, ఎరుపు పెరుగుతాయి. ఎక్కువమంది ఇక్కడే ఓడిపోయి పాత ట్యూబు పిండుతారు. రాత్రిపూట దురద తగ్గించే ఒక సిట్రిజిన్ బిళ్ళతో ఆ రోజులు గడపొచ్చు. ముఖానికి నెలల తరబడి రాసినవాళ్ళు మాత్రం సొంతంగా ఆపకండి, ఒక్కసారిగా మానితే ముఖం మండిపోతుంది. చర్మ డాక్టరు దగ్గర నెమ్మదిగా తగ్గించుకోవాలి. నోటి ద్వారా స్టెరాయిడ్ బిళ్ళలు వాడుతున్నవాళ్ళు కూడా అంతే.

క్రీమును మచ్చ మధ్యలో చుక్క పెట్టి రుద్దడం కాదు. ఫంగస్ ఉండేది అంచు మీద, అంచు అవతల. మచ్చ చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి చర్మం కలుపుకొని, బయటి నుంచి లోపలికి రాయాలి. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండిన క్రీము, అంటే సుమారు అర గ్రాము, వేళ్ళతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఈ లెక్కన 15 గ్రాముల ట్యూబుతో మొత్తం పూతలు ముప్ఫై. రెండు తొడలకూ నడుముకూ ఉన్న తామరకు నెలంతా ఒకే ట్యూబు వచ్చిందంటే మీరు రాసింది మందు వాసన మాత్రమే. మచ్చ కనబడకుండా పోయాక ఇంకో రెండు వారాలు రాయాలి. దురద పోయిన రోజున కాదు ఆపేది.

మచ్చలు చాలా చోట్ల ఉన్నా, స్టెరాయిడ్ పడి ముదిరినా క్రీము చాలదు, బిళ్ళలు కావాలి. అవి డాక్టరు రాయాల్సినవే. లివర్, గుండె జబ్బు, గర్భం, వేరే మందులు అన్నీ చూసుకోవాలి. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ వాడుతుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. అది ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, అందుకే భోజనం కాగానే వేసుకోమంటారు. పొద్దున్నే పరగడుపున "గ్యాస్ బిళ్ళ" వేసుకునే అలవాటున్నవాళ్ళకు ఆ ఖరీదైన క్యాప్సూల్ సగం వృథా. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

ట్యూబు సరైనదే, అయినా తగ్గడం లేదు

ఇంట్లో ఒకే తువ్వాలు తిరుగుతోందేమో చూడండి. మొలతాడు మందు వాడినన్నాళ్ళు తీసేయండి, తీయడం ఇష్టం లేకపోతే కనీసం కొత్తది మార్చండి. నెలల నాటి నల్లదారాన్ని అలాగే ఉంచి చుట్టూ క్రీము రాసుకుంటే ఎప్పటికీ తెమలదు. లోదుస్తులు వేడినీళ్ళలో నానబెట్టి, విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. వానాకాలంలో సగం ఆరినవి తొడుక్కోవాల్సి వస్తే ముందు కుట్ల మీద ఇస్త్రీ చేయండి. బిగుతు జీన్సు, లెగ్గింగ్సు కొన్నాళ్ళు అల్మారాలోనే ఉండనివ్వండి. భార్యకు మందు రాసి భర్త తొడల సంగతి అడగకపోతే వైద్యం సగమే అయినట్టు. ఆయన తనంతట తాను చెప్పడు, అడగాలి.

నలభై దాటినవాళ్ళకు తామర, సెగగడ్డలు పదేపదే వస్తుంటే షుగరు పరీక్ష చేయించండి. చర్మం కోసం వచ్చి షుగరు బయటపడటం మామూలే.

మిగతావి

పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలు, విచిత్రమైన అలర్జీలు లాంటివి ఉంటాయి కానీ మీకు ఉండే అవకాశం తక్కువ. నెట్‌లో చదివి టెన్షన్ పడకండి. బొట్టుబిళ్ళ కింద, బెల్టు బకిల్ కింద, గిల్టు నగ కింద మాత్రమే మచ్చ ఉంటే అది ఆ వస్తువు పడకపోవడం, తీసేస్తే సరి. లేతరంగు లేదా ఎర్రటి మచ్చ మీద దూదితో తాకితే స్పర్శ తెలియకపోతే మాత్రం ఏ క్రీమూ రాయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. కుష్టు మందులు అక్కడ ఉచితం, తొందరగా వాడితే వైకల్యం రాదు.

మందుకు లొంగని ఫంగస్ కూడా నిజంగానే ఉంది. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే రకం, ఫంగస్ మందైన టెర్బినఫిన్‌కు తరచూ లొంగడం లేదు. 2023లో న్యూయార్క్‌లో కూడా దాన్ని గుర్తించారు. ఇక్కడి నుంచి ఆ కలగూరగంప ట్యూబులు సూట్‌కేసులో అమెరికాకు పట్టుకెళ్ళే మనవాళ్ళు అక్కడి డాక్టరుకు ఆ సంగతి కూడా చెప్పాలి. అయితే రెండో వారానికే "నాది మొండి ఫంగస్" అని తీర్మానించుకోకండి. సరైన మందు, సరైన కొలతలో, బట్టలూ ఇంట్లోవాళ్ళూ సహా అన్నీ చూసుకుంటూ నాలుగు వారాలు వాడినా అంచు ఇంకా పాకుతుంటే, అప్పుడు చర్మ డాక్టరు దగ్గర పొట్టు గీకించి మైక్రోస్కోపు కింద చూపించుకోండి, అవసరమైతే కల్చర్ (పొట్టులోని ఫంగస్‌ను పెంచి చూసే పరీక్ష) చేస్తారు. ఆ రోజు మచ్చకు ఏ క్రీమూ రాసుకోకుండా వెళ్ళండి, రాసుకుని వెళ్తే గీకడానికి పొట్టు సరిగ్గా దొరకదు.