ఇసుక బాటలో ఫోర్ వీల్ బండి, వెనక ట్రైలరు: దిగబడకుండా వెళ్లి రావడానికి

కార్తీక మాసం వచ్చిందంటే కళింగపట్నం నుంచి బారువ దాకా తీరం వెంబడి సరుగుడు తోటల్లో వనభోజనాల సందడి. ఊరి చివర తారు రోడ్డు అయిపోతుంది. అక్కణ్నుంచి తోటలోకి అర కిలోమీటరో కిలోమీటరో ఇసుక బాట. బళ్లు దిగబడేది ఆ కాస్త దూరంలోనే. దిగబడేవాటిలో థార్, జిమ్నీ, గూర్ఖా లాంటి ఫోర్ వీల్ బళ్లు కూడా ఉంటాయి. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: రోడ్డు మీద ఉండాల్సిన గాలితోనే ఇసుకలోకి దిగడం.

ఫోర్ వీల్ అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది, అంతవరకే. టైరు బిర్రుగా ఉంటే ఆ బలం నాలుగు గోతులు తవ్వడానికే పనికొస్తుంది. గాలి తీస్తే టైరు అడుగు సాగుతుంది. చాలామంది అనుకున్నట్టు వెడల్పు పెద్దగా పెరగదు, పొడవు పెరుగుతుంది. బుల్‌డోజరు పట్టాలా నేల మీద పొడుగ్గా పరుచుకుని బండిని ఇసుక మీద తేలుస్తుంది.

గాలి ఎంత తీయాలి

తారు రోడ్డు చివర, ఇసుక మొదలవకముందే ఆగండి. డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద రోడ్డుకు ఉండాల్సిన గాలి రాసి ఉంటుంది, మామూలుగా 30 నుంచి 35 పీఎస్‌ఐ మధ్య. గట్టిపడిన బాటకు 22-24కు దించితే చాలు. కాలు వేస్తే జారే వదులు ఇసుకకు 18. వెనక ట్రైలరు ఉంటే, మనుషులు నిండుగా ఉంటే 16. దిగబడ్డాక బయటపడటానికి 14 దాకా వెళ్లొచ్చు. 12 కంటే కిందికి మాత్రం వద్దు. మలుపు తిప్పగానే టైరు అంచు రిమ్ము నుంచి ఊడి వచ్చేస్తుంది. ఇసుకలో దాన్ని మళ్లీ ఎక్కించడం మామూలు కంప్రెసరుతో అయ్యే పని కాదు.

ఒక్క మెలిక గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం నుంచి హైవే మీద నడిచి వచ్చిన టైరు వేడిగా ఉంటుంది, అందులో గాలి మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. వేడి మీద 18కి దించితే సాయంత్రం చల్లబడ్డాక అది 15 దగ్గర ఉంటుంది. తిరిగి బయల్దేరే ముందు మళ్లీ గేజి పెట్టి చూడాల్సిందే.

తీయడానికి పెద్ద సామాను అక్కర్లేదు. వాల్వు మూత జేబులో వేసుకుని, మధ్యలో ఉన్న పిన్నును సన్నటి పుల్లతోనో తాళం చెవి మొనతోనో నొక్కి పట్టండి. ఒక్కో టైరుకు కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యమధ్య గేజి పెట్టండి. కంటికి గుర్తు కావాలంటే, రోడ్డు గాలితో ఉన్నప్పుడు రిమ్ము అంచు నుంచి నేలకు ఎత్తు ఒక కొబ్బరి పుల్లతో కొలిచి విరవండి. ఆ పుల్లను నాలుగు మడతలుగా అనుకుంటే, గాలి తీశాక ఎత్తు మూడు మడతలకు రావాలి. టైరు పక్క గోడ కాస్త ఉబ్బి, అడుగున సంచి కూర్చున్నట్టు కనిపిస్తుంది. చూడటానికి పంచరైనట్టే ఉంటుంది, కంగారు పడకండి.

18 పీఎస్‌ఐతో గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. 15తో 20 కిలోమీటర్లు. మలుపులన్నీ వెడల్పుగా తిప్పాలి.

బండిని నడపడం

ఇసుకలో దిగకముందే ఫోర్ హై (4H: నాలుగు చక్రాలకూ బలం, మామూలు వేగం) వేయండి. దిగబడ్డాక వేసుకోవచ్చులే అనుకుంటే అప్పటికే వెనక చక్రాలు గొయ్యి తవ్వేసి ఉంటాయి. తారు మీద మాత్రం థార్, జిమ్నీలాంటి బళ్లను ఫోర్ వీల్‌లో నడపకూడదు. మలుపులో ముందు వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి, ఆ తేడా గేర్లలో బిగుసుకుపోతుంది. ఫోర్ లో (4L: నాలుగు చక్రాలకూ బలం, తక్కువ వేగం, ఎక్కువ లాగుడు) అనేది బాగా వదులు ఇసుకకు, నెమ్మదిగా బయటికి లాక్కోవడానికి. బండి నిలిపి మార్చాలి. జారుడును పట్టే ఈఎస్‌పీని బటన్‌తో ఆపేయండి. చక్రం కాస్త జారగానే అది ఇంజను బలం తగ్గించేస్తుంది. సరిగ్గా ఊపు కావాల్సిన చోట బండి చచ్చుబడుతుంది.

రెండో గేరులో కదిలించి, యాక్సిలరేటరు మీద పాదం ఒకేలా ఉంచండి. ఇసుకలో కావాల్సింది వేగం కాదు, ఆగని కదలిక. ఆపాల్సి వస్తే బ్రేకు నొక్కకండి, కాలు తీసేస్తే బండి తనంతట తానే ఆగుతుంది. బ్రేకు నొక్కితే టైరు ముందు ఇసుక గుట్టగా పోగవుతుంది, మళ్లీ బయల్దేరేటప్పుడు ఆ గుట్టే అడ్డం. ఆగే చోటు ముందే చూసుకోండి: ముందుకు వాలుగా ఉన్న చోటు, గట్టి నేల. దిబ్బను ఎక్కినా దిగినా నిటారుగానే. అడ్డంగా పోతే కింది వైపు టైర్లు కూరుకుని బండి పక్కకు వాలిపోతుంది. ముందు వెళ్లిన బండి చాళ్లు ఉంటే వాటిలోనే పొండి, అక్కడ ఇసుక నొక్కుకుని ఉంటుంది.

పొద్దున్న మంచుకు తడిసిన ఇసుక గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు అదే బాట పిండిలా వదులైపోతుంది. ఉదయం సులువుగా వచ్చేశాం కదా అని మధ్యాహ్నం అదే గాలితో తిరిగొస్తే దిగబడతారు. సరుగుడు తోటలో ఎండు ఆకు మందంగా పరుచుకున్న చోట బండి నిలపకండి. సైలెన్సరు వేడికి అది అంటుకుంటుంది. బండి కింద ఇరుక్కున్న ఆకును వెళ్లేముందు చేత్తో లాగేయండి.

నీళ్ల అంచు, గెడ్డలు, మొగలు

ఆస్ట్రేలియాలో కె'గరి అనే ద్వీపం ఉంది, ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక ద్వీపం, పూర్వం ఫ్రేజర్ ద్వీపం అనేవారు. అక్కడ సముద్రపు అంచే రోడ్డు. ముందుగా వాహన పర్మిట్ తీసుకోవాలి. తూర్పు తీరాన గంటకు 80, లోపలి బాటల్లో 30 కిలోమీటర్లు వేగ పరిమితి. నిండు పోటుకు రెండు గంటల ముందూ, రెండు గంటల తర్వాతా తీరం మీద బండి నడపొద్దని సలహా ఇస్తారు. పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లు అక్కడ నడిపి వచ్చి, ఇక్కడా అలాగే అనుకోవద్దు.

మన తీరం రోడ్డు కాదు. అక్కడ వలలు ఆరేసి ఉంటాయి, పడవలు లాగి పెట్టి ఉంటాయి. సంక్రాంతి వేళకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు రక్షణ ఉన్న ప్రాణి అది. చక్రం గూడు మీదుగా పోతే గుడ్లు నలుగుతాయి. చక్రం చాళ్లలో పడిన పిల్ల ఎక్కలేక, సముద్రం చేరలేక ఎండకు చచ్చిపోతుంది. అందుకే బండి తోట బాటలోనే ఆగాలి. తోట ఎవరిదో, బాట ఎటో ఊళ్లో ముందు అడగండి.

కార్తీక పౌర్ణమి నాడు ఇంకొక జాగ్రత్త. పౌర్ణమికి, అమావాస్యకు పోటు బాగా పెరుగుతుంది. మన వైపు పోటుకూ పాటుకూ మధ్య ఎత్తు అప్పుడు సుమారు ఒకటిన్నర మీటరు. వాలు తక్కువగా ఉన్న ఒడ్డున ఆ ఎత్తు చాలా దూరం లోపలికి వస్తుంది. నిన్న పొడిగా ఉన్న లోతట్టు చోటే ఇవాళ మునగొచ్చు. గెడ్డ (వాగు) దాటాల్సి వస్తే ముందు మనిషి నడిచి చూడాలి. మోకాలి కిందికే నీళ్లు ఉండాలి, అడుగు గట్టిగా ఉండాలి. వంశధార, నాగావళి, మహేంద్రతనయ సముద్రంలో కలిసే మొగల దగ్గరికి బండి అసలు తీసుకెళ్లకండి. పైన పొడి ఇసుక, కింద బురద. మడమతో బలంగా తొక్కి చూడండి: చీలమండ దాకా దిగిందంటే అది బండికి ఊబి. తుపాను పోయిన ఏడాది పాత బాటను నమ్మకండి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి గాలివాన తర్వాత దిబ్బలూ గెడ్డల దారులూ మారిపోతాయి.

ట్రైలరు

వీలైతే ట్రైలరును తారు రోడ్డు చివర వదిలేసి, సామాను రెండు ట్రిప్పుల్లో తెచ్చుకోండి. ఇది భయంతో చెప్పే మాట కాదు. ఇసుకలో ట్రైలరు చక్రాలకు ఇంజను బలం ఉండదు. అవి నాగలిలా ఇసుకను దున్నుకుంటూ వస్తాయి. ఒంటరిగా సునాయాసంగా పోయే బండి ట్రైలరుతో కదలనే కదలదు. లాగే తీరాలంటే ఈ లెక్కలు చూసుకోండి.

బండి మాన్యువల్‌లో ఎంత బరువు లాగొచ్చో రాసి ఉండాలి. రాసి లేకపోతే లాగకూడదు. ట్రైలరుకూ విడిగా రిజిస్ట్రేషను ఉండాలి. తర్వాత బరువు కూడండి. 20 లీటర్ల నీళ్ల డబ్బాలు 15 అంటే 300 కిలోలు. నిండు గ్యాసు సిలిండరు సుమారు 30 కిలోలు. గుండిగలు, బియ్యం, కుర్చీలు, టెంటు. ఇవన్నీ కలిస్తే సులువుగా అర టన్ను.

అసలు కిటుకు ముక్కు బరువులో ఉంది. ట్రైలరు మొత్తం బరువులో పదో వంతు బండి హుక్కు మీద పడాలి. 600 కిలోల ట్రైలరైతే 60 కిలోలు. కొలవడం సులువే: సామానంతా ఎక్కించాక, చదును నేల మీద, హుక్కు ఎత్తుకు సరిపడా చెక్క దుంగను ఇంట్లో వాడే తూకం మెషీను మీద నిలబెట్టి, ట్రైలరు ముక్కును దాని మీద ఆనించండి. అంకె తక్కువగా వస్తే హైవే మీద ట్రైలరు పాములా ఊగుతుంది. మరీ ఎక్కువైతే బండి వెనక కుంగి, ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. నీళ్ల డబ్బాలను ట్రైలరు ఇరుసుకు కొంచెం ముందు సర్దితే అంకె దారికొస్తుంది. సిలిండరు నిలువుగా, కట్టేసి.

ట్రైలరు టైర్లకూ బండి టైర్లతో పాటే గాలి తీయండి. చాలామంది మరిచేది ఇదే. సేఫ్టీ చైన్లు రెండూ కొక్కెం కింద ఇంటూ గుర్తులా దాటించి తగిలించండి. కొక్కెం ఊడినా ముక్కు ఆ చైన్ల ఊయలలో పడుతుంది, నేలను పొడవదు. నిలిపాక ట్రైలరు ముందున్న చిన్న చక్రం కింద పలక వేయండి, లేకపోతే అది ఇసుకలో పూడిపోతుంది. రివర్సు చేయాల్సిన పని లేకుండా, పెద్ద వలయం తిరిగి బయటికి మొహం పెట్టి నిలపండి. ఇసుకలో ట్రైలరును వెనక్కి నెట్టబోతే విరిగిన మోచేయిలా మడతపడుతుంది.

దిగబడితే

చక్రం తిరుగుతోంది, బండి కదలట్లేదు. ఆ క్షణంలోనే కాలు తీసేయాలి. ఇంకో రెండు సెకన్లు తొక్కితే బండి పొట్ట ఇసుక మీద కూర్చుంటుంది. అప్పటిదాకా పది నిమిషాల పని, ఆ తర్వాత గంట పని. దిగి చూసి, వచ్చిన చాళ్లలోనే వెనక్కి ప్రయత్నించండి. ఆ ఇసుక ఇప్పటికే నొక్కుకుని ఉంది. కదలకపోతే గాలి మరో రెండు మూడు పీఎస్‌ఐ తీయండి. ట్రైలరు ఉంటే విప్పేయండి. ముందు బండిని గట్టి నేలకు తెచ్చి, తర్వాత పొడుగాటి బెల్టుతో ట్రైలరును లాక్కోవచ్చు.

పొట్ట కూర్చుంటే పార తీయాల్సిందే. ముందు యాక్సిల్ మధ్యలో ఉండే గుండ్రటి డిఫరెన్షియల్ కింద ఇసుక తోడేయండి. తర్వాత ప్రతి చక్రం ముందు మీటరు పొడవున వాలుగా దారి చెక్కండి. నిటారు గొయ్యిలోంచి చక్రం ఎక్కలేదు. ఆ వాలులో తడి గోనె సంచులో, పచ్చి కొబ్బరి మట్టలో, రికవరీ పలకలో టైరు కిందికి బాగా చొప్పించాలి. బండి వెనక ఎవరూ నిలబడకూడదు, చక్రం వాటిని విసిరికొడుతుంది. జాకీ వాడితే దాని కింద 40 సెంటీమీటర్ల చదరపు, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క ఉండాలి. ఒట్టి ఇసుకలో జాకీ బండిని ఎత్తదు, తనే దిగిపోతుంది.

లాగడంలో ప్రాణాలు పోతాయి, కాబట్టి ఇక్కడ నిదానం. ట్రైలరు తగిలించే గుండు కొక్కేనికి తాడు ఎప్పుడూ వేయకండి. కుదుపుకు అది విరిగి ఫిరంగి గుండులా ఎదుటి బండి అద్దంలోంచి దూసుకుపోతుంది. బంపరులో మర తిప్పి పెట్టే రింగు కూడా తారు మీద నెమ్మదిగా లాగడానికే. ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) బోల్టులతో బిగించిన టో హుక్కుకే షాకిల్ (అడ్డంగా పిన్ను ఉండే ఇనుప కడియం) వేయాలి. షాకిల్ పిన్ను పూర్తిగా బిగించి, పావు మర వెనక్కి తిప్పండి. లేకపోతే లాగాక అది ఊడి రాదు. సాగే నైలాన్ తాడు ఉంటే దాని తెగే బలం బండి నిండు బరువుకు రెండు మూడు రెట్లు ఉండాలి. రెండున్నర టన్నుల బండికి కనీసం ఆరు టన్నుల తాడు. మీటరు దాకా వదులు ఉంచి, లాగే బండి నడక వేగంతో బయల్దేరితే చాలు, మిగతాది తాడు సాగుడే చూసుకుంటుంది. మిగతా జనం తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కకు ఉండాలి.

ఊళ్లోంచి ట్రాక్టరు పిలిస్తే పద్ధతి వేరు. ట్రాక్టరుతో కుదుపు వద్దు, ఇనుప చైను వద్దు. సాగని మందపాటి బెల్టు వేసి, తక్కువ గేరులో బిగువు వచ్చేదాకా నెమ్మదిగా, ఆపైన ఒకే బిగువుతో లాగాలి. బెల్టును ట్రాక్టరు వెనక కింద ఉండే డ్రాబార్‌కే కట్టమనండి. పైన టాప్ లింకుకు కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికే తిరగబడుతుంది. "ఏం పర్లేదు బాబూ, మేం రోజూ లాగుతాం" అన్నా కింద కట్టించాకే లాగించండి.

తారు ఎక్కాక

హైవే ఎక్కకముందే గాలి నింపాలి. 18 పీఎస్‌ఐతో 80లో వెళ్తే పక్క గోడలు వంగి వంగి వేడెక్కి టైరు పేలుతుంది. కంప్రెసరును సిగరెట్ సాకెట్‌కు పెడితే ఫ్యూజు పోవచ్చు. క్లిప్పులున్నది కొని నేరుగా బ్యాటరీకి తగిలించండి, ఇంజను నడుస్తూ ఉండాలి. రెండు టైర్లు నింపాక కంప్రెసరుకు పది నిమిషాలు విరామం ఇవ్వండి. ఫోర్ వీల్ తీసేసి టూ హైకి (2H: రెండు చక్రాలకే బలం) మార్చండి.

ఉప్పు నీళ్లు తగిలినా తగలకపోయినా అదే రోజు మంచి నీళ్లతో అడుగు కడగండి. మోటారు పైపు పట్టి ఛాసిస్ గొట్టాల రంధ్రాల్లోకి, బ్రేకుల వెనక్కి, నీళ్లు తేటగా వచ్చేదాకా. ట్రైలరు చక్రాల హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడండి. ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే ఆ బేరింగులోకి ఇసుకో నీళ్లో వెళ్లాయన్నమాట. మరుసటి ప్రయాణానికి ముందు విప్పి, పాత గ్రీజంతా తుడిచి కొత్తది పెట్టించండి.